సంతకం తర్వాత ఏం జరగాలి? జీవవైవిధ్య ఒప్పందాల అమలుపై పాఠకుల ప్రశ్నలు

1992 రియో సదస్సులో పుట్టిన జీవవైవిధ్య ఒడంబడికలో ఇప్పుడు 195 దేశాలు, యూరోపియన్ యూనియన్ ఉన్నాయి. 2010లో నగోయాలో పెట్టుకున్న 20 ఐచి లక్ష్యాల్లో ఒక్కటి కూడా ప్రపంచ స్థాయిలో పూర్తిగా నెరవేరలేదు. ఆరు మాత్రం పాక్షికంగా సాధ్యమయ్యాయి. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో మళ్లీ 23 లక్ష్యాలు పెట్టుకున్నారు. వాటి గడువు 2030. ఈసారైనా అవి నేల మీదికి దిగాలంటే ఏం జరగాలన్నదే ఈ నెల వచ్చిన ప్రశ్నల సారాంశం.

ప్రశ్న: ఒప్పందంపై సంతకం పెట్టిన రోజు నుంచే అది ఆ దేశంలో చట్టమైపోతుందా?

జవాబు: కాదు. ఒప్పందం ఉద్దేశానికి అడ్డు తగలబోమని మాట ఇవ్వడం వరకే సంతకం. దేశం కట్టుబడేది ఆ తర్వాత జరిగే ధ్రువీకరణతో. అమెరికా 1993లో జీవవైవిధ్య ఒడంబడికపై సంతకం చేసినా సెనేట్ ఆమోదం రాలేదు. అందుకే సమావేశాల్లో పరిశీలక హోదాలోనే కూర్చుంటుంది.

ధ్రువీకరించాక దేశాలు రెండు రకాలు. నెదర్లాండ్స్, ఫ్రాన్స్ వంటి చోట్ల ధ్రువీకరించి ప్రచురించిన ఒప్పందం దేశ న్యాయవ్యవస్థలో భాగమైపోతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, భారత్‌లలో పార్లమెంటు విడిగా చట్టం చేయాలి. అయితే మొదటి రకం దేశాలకు పని తప్పిపోతుందని అనుకోకండి. జీవవైవిధ్య ఒడంబడికలోని బాధ్యతల్లో చాలా వాటికి ‘సాధ్యమైనంత వరకు, సముచితమైన మేరకు’ అన్న షరతు ఉంది. తనిఖీ ఎవరు చేయాలి, లైసెన్సు ఏ శాఖ ఇవ్వాలి, తప్పు చేస్తే జరిమానా ఎంత అన్నవి అందులో దొరకవు. అవి దేశీయ చట్టంలోకి వచ్చేదాకా అటవీ అధికారి చేతిలో ఆయుధం లేనట్టే.

సమాఖ్య దేశాల్లో ఇంకో చిక్కు ఉంది. ఒప్పందం కుదుర్చుకునేది కేంద్రం, నేల, నీళ్లు ఉండేది చాలావరకు రాష్ట్రాల చేతిలో. ఆస్ట్రేలియాలో ఈ పంచాయితీ 1983లో తేలింది. ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ప్రాంతంలో టాస్మేనియా రాష్ట్రం ఆనకట్ట కట్టబోతే, అంతర్జాతీయ ఒప్పందాన్ని అమలు చేసే అధికారంతో కేంద్రం దాన్ని ఆపవచ్చని అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు 4-3 తేడాతో తీర్పు చెప్పింది. భారత రాజ్యాంగంలో 253వ అధికరణం ఇదే అధికారాన్ని పార్లమెంటుకు నేరుగా ఇస్తోంది. అధికారం సంగతి అలా తేలినా, క్షేత్ర సిబ్బందికి జీతం ఏ ఖజానా నుంచి వస్తుందన్నది తేలకపోతే చట్టం గెజెట్ దాటి బయటికి రాదు.

ప్రశ్న: ప్రతి దేశం ‘జాతీయ జీవవైవిధ్య వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక’ రాయాలంటారు. అది ఎలా తయారవుతుంది? చాలావరకు అటకెక్కుతాయని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమే, ఎందుకు అటకెక్కుతాయో కూడా తెలిసిన విషయమే. ఒడంబడిక 6వ అధికరణం ప్రకారం ఈ ప్రణాళిక తప్పనిసరి. మాంట్రియల్ లక్ష్యాలకు తగ్గట్టు దాన్ని సవరించి 2024 అక్టోబరులో కొలంబియాలోని కాలి నగరంలో జరిగే సమావేశం నాటికి ఇవ్వాలని గడువు పెట్టుకున్నారు. ఆ సమావేశం ముగిసేసరికి అందినవి 44 మాత్రమే.

పని జరగాల్సిన వరస ఇది. ముందు ఉన్న చట్టాలను, పథకాలను, గణాంకాలను 23 లక్ష్యాల పక్కన పెట్టి ఎక్కడ ఖాళీ ఉందో చూడాలి. తర్వాత వ్యవసాయం, మత్స్య, గనులు, ఆర్థిక, ప్రణాళిక శాఖల ప్రతినిధులతో ఒక సంఘం వేయాలి. ఆ సంఘం ప్రతి జాతీయ లక్ష్యానికి ఐదు విషయాలు తేల్చాలి: ఏ సంవత్సరంతో పోలుస్తున్నాం, ఏ సూచికతో కొలుస్తున్నాం, ఏ తేదీకి సాధించాలి, ఏ కార్యాలయం బాధ్యత, ఎంత ఖర్చు. ఆ తర్వాత మంత్రివర్గం ఆమోదించాలి. ఈ చివరి అడుగు కేవలం లాంఛనమని కొట్టిపారేస్తారు గానీ, పర్యావరణ శాఖ ఒక్కటే విడుదల చేసిన పత్రాన్ని వ్యవసాయ శాఖ ఎందుకు లెక్కచేయాలి? వాటి మధ్య పెద్దరికం చేయగలిగేది మంత్రివర్గం గానీ పార్లమెంటు గానీ మాత్రమే.

సాధారణంగా జరిగేది వేరు. బయటి నిధులు వస్తాయి, ఒక కన్సల్టెంటును పెట్టుకుంటారు, గడువు దగ్గర పడుతుంటే ప్రపంచ లక్ష్యాల వాక్యాలనే అనువదించి జాతీయ లక్ష్యాలుగా అతికిస్తారు. ప్రణాళిక పూర్తయ్యే నెలకూ బడ్జెట్ తయారయ్యే నెలకూ పొంతన ఉండదు, ఆ ఏడాది రూపాయి కేటాయింపు ఉండదు. మరుసటి ఏడాదికి రాసినవాళ్లు బదిలీ అవుతారు.

లక్ష్యాన్ని దేశానికి దించడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాం. ఆరో లక్ష్యం ప్రకారం దురాక్రమణ చేసే పరాయి జాతులు కొత్తగా వచ్చి స్థిరపడే వేగాన్ని 2030 నాటికి కనీసం 50 శాతం తగ్గించాలి. దీన్ని కొలవాలంటే ముందు ఏ జాతి ఏ సంవత్సరంలో మొదటిసారి కనిపించిందో జాబితా కావాలి. తర్వాత అవి వచ్చే దారులు గుర్తించాలి: ఓడల బ్యాలస్ట్ నీళ్లు (నిలకడ కోసం ఓడలు నింపుకునేవి), నర్సరీ మొక్కల దిగుమతి, పెంపుడు జంతువుల వ్యాపారం, కంటైనర్ల అడుగున అంటుకున్న మట్టి. ఒక్కో దారికి యజమాని వేరు. బ్యాలస్ట్ నీళ్లకు నౌకాశాఖ, 2017 సెప్టెంబరు 8 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం. నర్సరీ మొక్కలకు వ్యవసాయ శాఖ క్వారంటైన్ విభాగం. పర్యావరణ శాఖ చేతిలో నేరుగా ఉన్న దారి బహుశా ఒక్కటీ ఉండదు. ఇంకో జాగ్రత్త: ఒక జాతి వచ్చి స్థిరపడిన చాలా ఏళ్లకు గాని కంటపడదు. కాబట్టి గత నాలుగైదేళ్ల గీత కిందికి వంగి కనిపిస్తే అది విజయం కాకపోవచ్చు, ఇంకా కనిపెట్టకపోవడం కావచ్చు. నివేదికలో ఈ సంగతి రాయకపోతే అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ఏడో లక్ష్యంలోనూ ఇలాంటి గోతి ఉంది. అది సగానికి తగ్గించమన్నది పురుగుమందుల వల్ల కలిగే ముప్పును, టన్నులను కాదు. ఎకరాకు కిలోల్లో చల్లే పాత మందు పోయి గ్రాముల్లో చల్లినా తేనెటీగలను చంపే కొత్త మందు వస్తే, టన్నుల లెక్క పడిపోతుంది, ముప్పు పెరుగుతుంది. టన్నులతో నివేదిక రాయడం తేలిక, మందువారీగా విష తీవ్రతను లెక్కగట్టడం కష్టం. చేయాల్సింది ఆ కష్టమైన పనే.

ప్రశ్న: 2030కల్లా ప్రతి దేశం 30 శాతం భూమిని రక్షిత ప్రాంతంగా ప్రకటించాలా? ఉన్న జనం ఎక్కడికి పోవాలి?

జవాబు: మూడో లక్ష్యంలోని ఈ 30 శాతం ప్రపంచం మొత్తానికి పెట్టుకున్న లెక్క. భూమి, మంచినీటి వనరులలో 30 శాతం, సముద్రాలలో 30 శాతం. ఏ దేశం వాటా ఎంతన్నది ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. 2024 లెక్కల ప్రకారం రక్షణలో ఉన్నది భూమి, మంచినీటిలో 17.6 శాతం, సముద్రంలో 8.4 శాతం.

జనాన్ని తరిమి సాధించమని ఎక్కడా లేదు. మూడో లక్ష్యం పాఠంలోనే ఆదివాసుల, స్థానిక సమాజాల హక్కులను, వారి భూములను గుర్తించి గౌరవించాలని ఉంది. రక్షిత ప్రాంతాలతో పాటు ‘ఇతర ప్రభావవంతమైన ప్రాంత పరిరక్షణ’ అనే వర్గాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. దీని నిర్వచనం 2018లో ఖరారైంది. ఆ చోటు ఇప్పటికే రక్షిత ప్రాంతం కాకూడదు, హద్దులు స్పష్టంగా ఉండాలి, దాన్ని పాలించి నిర్వహించేవారు ఉండాలి, అక్కడి జీవవైవిధ్యానికి దీర్ఘకాలం మేలు జరుగుతుండాలి. ఉద్దేశం పరిరక్షణే అయి ఉండనక్కర్లేదు. ఊరివాళ్లు తరాలుగా కాపాడుకునే అడవి, ఆలయాల వనాలు, నగరానికి నీరిచ్చే చెరువు పరివాహక ప్రాంతం దీనికి సరిపోవచ్చు. అక్కడి సమాజం ముందుగా, విషయం తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకుంటేనే జాబితాలో చేర్చాలి. కొన్ని ప్రభుత్వాలు ఈ వర్గాన్ని అంకెలు పెంచుకునే దారిగా వాడుకుంటాయన్న భయం ఉంది. కలప కోసం వేసిన ఒకే జాతి తోటలను ఇందులో కలిపితే ఆ భయం నిజమైనట్టే.

సరిగా చేసే దేశం మొదట విస్తీర్ణం చూడదు. తన ఆవరణ వ్యవస్థలన్నిటినీ, అంటే గడ్డిభూములు, మడ అడవులు, నదీ తీరాలు, పగడపు దిబ్బలు, ఇలా విడివిడిగా మ్యాపు మీద వేసి ఒక్కోదానిలో ఎంత రక్షణలో ఉందో చూస్తుంది. ఈ పని చేయని దేశాల్లో రక్షణంతా మంచుకొండల మీద, ఎడారుల్లో, ఎవరికీ అక్కర్లేని రాతినేలల్లో పోగవుతుంది. సారవంతమైన మైదానాలు, నదుల ముఖద్వారాలు ఖాళీగా మిగులుతాయి. తర్వాత హద్దుల సర్వే, హక్కుల పరిష్కారం, గెజెట్ నోటిఫికేషన్, నిర్వహణ ప్రణాళిక, సిబ్బంది, కొన్నేళ్లకోసారి నిర్వహణ ఎంత ఫలిస్తోందో మదింపు. హక్కుల పరిష్కారానికి ముందే నోటిఫికేషన్ ఇస్తే కేసులు మొదలై అక్కడే ఏళ్లు గడిచిపోతాయి. సముద్రంలోనైతే ఇది అడగండి: ఆ రక్షిత ప్రాంతంలో సముద్రగర్భాన్ని గోకే ట్రాలర్లకు అనుమతి ఉందా? ఉంటే ఆ శాతాన్ని నమ్మవద్దు.

ప్రశ్న: అన్ని ఒప్పందాల్లోకీ సైటీస్ (అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒడంబడిక) గట్టిగా అమలవుతుందంటారు. దాని పర్మిట్ వ్యవస్థ ఎలా పనిచేస్తుంది?

జవాబు: సైటీస్ 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో సంతకాలై 1975 జూలై 1 నుంచి అమల్లో ఉంది. సుమారు 40 వేల జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రిస్తుంది. గట్టిగా అమలు కావడానికి కారణం దాని నిర్మాణం: ఏ దేశమైనా సరిగా చేయకపోతే ఆ దేశంతో ఈ జాతుల వ్యాపారం ఆపేయమని మిగతా దేశాలకు సిఫారసు వెళ్తుంది. ఇలాంటి కోర జీవవైవిధ్య ఒడంబడికకు లేదు.

ప్రతి దేశం రెండు అధికార సంస్థలను నియమించాలి. పర్మిట్ ఇచ్చేది నిర్వహణ సంస్థ. ఆ వ్యాపారం వల్ల జాతి మనుగడకు హాని లేదని చెప్పాల్సింది శాస్త్రీయ సంస్థ. రెండో అనుబంధంలోని, అంటే పర్మిట్‌తో వ్యాపారం చేయదగ్గ జాతుల జాబితాలోని, ఒక కలప చెట్టునే తీసుకోండి. ఎన్ని చెట్లున్నాయి, ఏ వయసువి, ఏటా ఎన్ని కొట్టేస్తున్నారు, దొంగతనంగా పోయేది ఎంత, మొలకలు వస్తున్నాయా, ఇవన్నీ చూశాకే హాని లేదని రాయాలి. అప్పుడు ఎగుమతి పర్మిట్. దాని గడువు 6 నెలలు మించదు. మొదటి అనుబంధంలోని జాతులకు వాణిజ్యం దాదాపు నిషేధమే, ఇతర అవసరాలకు దిగుమతి పర్మిట్ కూడా ముందే కావాలి. 2016లో ఎనిమిది రకాల అలుగులనూ (పాంగోలిన్లు) ఇందులోకే చేర్చారు. ఓడరేవులో కస్టమ్స్ అధికారి సరుకును చూసి, నిజంగా వెళ్తున్న పరిమాణం ఎంతో పర్మిట్‌పై రాసి ముద్ర వేయాలి.

తప్పులు దొర్లే చోట్లు అందరికీ తెలిసినవే. శాస్త్రీయ సంస్థకు సొంత సిబ్బంది లేక నిర్వహణ సంస్థ చెప్పినదానికే తలూపడం ఒకటి. అడవిలో పట్టిన జీవులకు ‘పెంపకంలో పుట్టినవి’ అన్న కోడ్ వేయడం మరొకటి. దీన్ని పట్టుకోవడానికి సులువైన లెక్క ఉంది: ఆ పెంపకం కేంద్రంలో గుడ్లు పెట్టే జంటలు ఎన్ని, ఆ జాతి ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది, అందులో ఎన్ని బతుకుతాయి? ఆ గుణకారం కన్నా ఎగుమతి ఎక్కువైతే మిగతావి అడవి నుంచి వచ్చినవే. గణాంకాల్లోనూ తేడా వస్తుంది: ఒక దేశం ఇచ్చిన పర్మిట్లను లెక్కపెడితే, ఇంకో దేశం నిజంగా దాటిన సరుకును లెక్కపెడుతుంది. నిజంగా వెళ్లిన పరిమాణమే రాయడం సరైన పద్ధతి.

చట్టం విషయంలో సైటీస్ కనీసం నాలుగు అడుగుతుంది: అధికార సంస్థల నియామకం, ఉల్లంఘించే వ్యాపారంపై నిషేధం, శిక్ష, సరుకు జప్తు. నాలుగూ ఉంటే ఆ దేశానిది మొదటి వర్గం, లేకుంటే రెండో, మూడో వర్గం. చట్టం రాసేవాళ్లకు ఒక సూచన: జాతుల జాబితాను చట్టంలోనే అచ్చు వేయవద్దు. సమావేశంలో జరిగిన మార్పులు 90 రోజుల్లో అమల్లోకి వస్తాయి. పార్లమెంటు సవరణ 90 రోజుల్లో అయ్యే పని కాదు. ఉదాహరణకు 2017లో రోజ్‌వుడ్ జాతులు దాదాపు అన్నిటినీ రెండో అనుబంధంలో చేర్చారు, తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు వచ్చింది. ‘ఎప్పటికప్పుడు సవరించిన అనుబంధాలు’ అని గానీ, నోటిఫికేషన్‌తో మార్చుకునే షెడ్యూలుగా గానీ పెట్టుకున్న దేశాలు ఇలాంటి మార్పులకు ఇబ్బంది పడవు.

ప్రశ్న: ఒక దేశపు మొక్క నుంచి విదేశీ కంపెనీ మందు తయారు చేస్తే లాభంలో వాటా వస్తుందా?

జవాబు: రావాలనే 2010లో నగోయా ప్రోటోకాల్ తెచ్చారు. 2014 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. మొక్క ఉన్న దేశం నుంచి ముందస్తు అనుమతి, ఇరుపక్షాలు ఒప్పుకున్న షరతులు, వాటిని రుజువు చేసే అంతర్జాతీయ ధ్రువపత్రం ఉండాలి. వాడే దేశం తన వైపు తనిఖీ కేంద్రాలు పెట్టాలి. ఈ రెండో సగం బలహీనంగా ఉన్నచోటే వాటా జారిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2014 నిబంధన ప్రకారం పరిశోధకులు, కంపెనీలు ఆ పత్రాలను వినియోగం ముగిశాక 20 ఏళ్లు దాచాలి.

ఒప్పందం కాగితంలో వాటాను దేనిపై లెక్కగడుతున్నారో చూడటం ముఖ్యం. దక్షిణాఫ్రికాలో హూడియా మొక్కపై అక్కడి ఆదివాసులైన సాన్ ప్రజలకు 2003లో రాయల్టీలో 6 శాతం, దశలవారీ చెల్లింపుల్లో 8 శాతం ఇస్తామన్నారు. లైసెన్సు తీసుకున్న కంపెనీలు ఆ ఉత్పత్తిని వదిలేయడంతో ఆశించిన డబ్బు రాలేదు. 2019లో రూయిబోస్ తేయాకుపై కుదిరిన ఒప్పందంలో సాన్, ఖోయ్ సమాజాలకు తోట దగ్గరి ధరలో 1.5 శాతం అన్నారు. అమ్మిన ప్రతి కిలోకూ వచ్చే ఈ చిన్న వాటా, ఎప్పుడో వస్తుందన్న పెద్ద రాయల్టీ కన్నా మేలని మా అభిప్రాయం.

ఇప్పుడు మొక్క కదలనక్కర్లేదు, దాని జన్యు క్రమం డేటాబేస్‌లో ఉంటే చాలు. అందుకే 2025 ఫిబ్రవరిలో కాలి నిధి మొదలుపెట్టారు. ఆ సమాచారంతో లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గానీ ఆదాయంలో 0.1 శాతం గానీ ఇవ్వాలని అడుగుతుంది, కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలి. కానీ ఇది స్వచ్ఛందం. దేశాలు తమ చట్టాల్లో పెట్టేదాకా వసూలు కంపెనీల ఇష్టమే.

ప్రశ్న: డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

జవాబు: అన్ని మార్గాలూ కలిపి 2030 నాటికి ఏటా 20 వేల కోట్ల డాలర్లు సమకూర్చాలని 19వ లక్ష్యం చెబుతుంది. అందులో అభివృద్ధి చెందిన దేశాలనుంచి రావాల్సింది 2030 నాటికి ఏటా 3 వేల కోట్ల డాలర్లు. అయితే మాకు 18వ లక్ష్యమే ముఖ్యంగా కనిపిస్తుంది: ప్రకృతికి చేటు చేసే సబ్సిడీలను 2030 నాటికి ఏటా కనీసం 50 వేల కోట్ల డాలర్ల మేర తగ్గించడం. ఒక చేత్తో పార్కుకు నిధులిచ్చి, మరో చేత్తో దాని పక్క నదిలోకి ఎరువు కొట్టుకుపోయేలా సబ్సిడీ ఇస్తే ఆ నిధులు ఎన్నున్నా చాలవు.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2012లో మొదలుపెట్టిన బయోఫిన్ పద్ధతి ఉపయోగకరం. ఇప్పుడు ఎంత ఖర్చవుతోంది, ప్రణాళికకు ఎంత కావాలి, ఆ మధ్య లోటు ఏ మార్గాల్లో పూడుతుంది అని వరసగా తేలుస్తారు. మొదటి ప్రశ్నకు జవాబే కష్టం, ఎందుకంటే ఖర్చు పదిహేను శాఖల పద్దుల్లో చెదిరి ఉంటుంది. కోస్టారికా 1996 అటవీ చట్టంతో అడవి కాపాడే భూయజమానులకు ఒప్పందం మీద చెల్లిస్తోంది. ఇంధన పన్ను రాబడిలో 3.5 శాతం దానికే కేటాయించింది కాబట్టి ఏటా బడ్జెట్ బేరాలతో పనిలేకుండా సాగుతోంది. విదేశీ ప్రాజెక్టు డబ్బుతో జీపులు కొనండి, సర్వేలు చేయండి. కాపలాదారుల జీతాలు మాత్రం దాని మీద పెట్టవద్దు. ప్రాజెక్టు నాలుగైదేళ్లకు ముగుస్తుంది, వేటగాళ్లు అప్పటిదాకా ఆగి వస్తారు.

ప్రశ్న: పాటించని దేశాన్ని ఎవరైనా కోర్టుకు ఈడ్చగలరా?

జవాబు: అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లినవి చాలా తక్కువ. చిత్తడి నేలకు చేసిన నష్టానికి 2018లో నికరాగువా కోస్టారికాకు మొత్తం 3,78,890 డాలర్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. పర్యావరణ నష్టానికే పరిహారం లెక్కగట్టడం ఆ న్యాయస్థానంలో అదే మొదలు. నిజమైన బలం దేశీయ, ప్రాంతీయ కోర్టుల్లో కనిపిస్తుంది. పోలండ్‌లోని బియవోవియెజా పురాతన అడవిలో నరికివేత ఆపకపోతే రోజుకు కనీసం లక్ష యూరోలు కట్టాలని ఐరోపా న్యాయస్థానం 2017 నవంబరులో హెచ్చరించింది. 2019 మే 29న నెదర్లాండ్స్ రాజ్యమండలి (ప్రభుత్వ నిర్ణయాలపై అక్కడి అత్యున్నత న్యాయస్థానం), రక్షిత ప్రకృతి ప్రాంతాల్లో నత్రజని పేరుకుపోతున్నందున ఆ దేశపు అనుమతుల పద్ధతినే కొట్టేసింది. వేలాది నిర్మాణాలు, పశుశాలలు ఆగిపోయాయి. ఈ రెండు కేసుల్లోనూ ఆధారం సహజ ఆవాసాలను కాపాడాలని సభ్య దేశాలను కట్టడి చేసే 1992 నాటి ఐరోపా ఆవాసాల ఆదేశం. ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాటల మీద ఇలాంటి తీర్పు తెచ్చుకోవడం చాలా కష్టం.

ప్రశ్న: ఏ దేశానికీ చెందని నడిసముద్రం సంగతేమిటి?

జవాబు: దానికి 2023 జూన్‌లో వేరే ఒప్పందం కుదిరింది. 2025 సెప్టెంబరులో 60 ధ్రువీకరణలు పూర్తయ్యాయి, 2026 జనవరి 17 దాని అమలు తేదీ. అమలు భారం మాత్రం దేశాలదే: తమ జెండా ఎగరేసే ఓడలపై ఆంక్షలు, ప్రభావ మదింపులు తమ చట్టంతోనే చేయాలి.

ప్రశ్న: ఒక దేశం ఇచ్చిన నివేదిక నిజమో కాదో మామూలు పాఠకుడు ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఏడో జాతీయ నివేదికకు గడువు 2026 ఫిబ్రవరి 28. అవి ఒడంబడిక వెబ్‌సైటులో ఎవరైనా చదవొచ్చు. ముందు ఒక లక్ష్యం ఎంచుకుని, పోల్చే సంవత్సరం ఉందో లేదో చూడండి. లేకపోతే ‘పెరిగింది’, ‘తగ్గింది’ అన్న మాటలకు అర్థం లేదు. తర్వాత కేటాయించిన డబ్బు పక్కన ఖర్చు చేసినది రాశారా చూడండి. ‘అవగాహన కల్పించాం’, ‘వర్క్‌షాపులు నిర్వహించాం’ అన్న వాక్యాలే నిండి ఉంటే జరిగినదేంటో అడవిలో గాని నదిలో గాని కొలవలేదని అనుకోవచ్చు. చివరగా ఆరో నివేదికను పక్కన పెట్టి అదే సూచిక మళ్లీ ఉందా వెతకండి. కారణం చెప్పకుండా సూచిక మార్చి ఉంటే, పాత సూచిక ఇప్పుడెంత ఉందని ఆ శాఖకు ఉత్తరం రాయండి. సమాచార హక్కు చట్టాలున్న చాలా దేశాల్లో దానికి గడువులోగా జవాబివ్వక తప్పదు.